రేకుల కప్పు, రేకుల గోడ: ఏ చోటికి ఏ రేకు?

డాబా మీద షెడ్డు వేయించుకోవాలనుకునేవారు, పొలం దగ్గర గోదాము కట్టుకునే రైతులు, చిన్న వర్క్‌షాపు పెట్టుకునేవారు, పగిలిపోయిన పాత సిమెంటు రేకులను మార్చుకోవలసిన ఇళ్లవాళ్లు అందరూ చివరికి ఒకే రకం దుకాణం ముందు నిలబడతారు. అక్కడ గోడకు ఆనించి పెట్టిన రంగు రేకులన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి గానీ చదరపు అడుగు ధర మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా చెబుతారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే బేరం ఎంత గట్టిగా ఆడినా ఫలితం ఉండదు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. కంపెనీ పేరు, గట్ల (రేకు మీద ఎత్తుగా మడిచిన వరుసల) ఆకారం, రంగు అన్నవి రెండో వరుసలోవి. రంగు కింద ఉన్న ఉక్కు మందం, ఆ ఉక్కు మీద ఉన్న లోహపు పూత బరువు, రేకును పర్లిన్లకు (కప్పు కింద రేకులు ఆనే అడ్డ పట్టెలకు) బిగించిన తీరు అన్న మూడే ఆ కప్పు పదేళ్లు నిలుస్తుందా, ముప్ఫై ఏళ్లు నిలుస్తుందా అన్నది తేలుస్తాయి. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే మొదటి మూడింటిలో తగ్గించుకోవచ్చు. తర్వాతి మూడింటిలో మాత్రం వద్దు.

## ముందుగా తేల్చుకోవలసినవి

ఉక్కు మందం. "అర మిల్లీమీటరు రేకు" అని దుకాణదారు చెప్పినప్పుడు, అది పూతలన్నీ కలిపిన మొత్తం మందమా, ఉక్కు ఒక్కదాని మందమా అని అడగాలి. మొత్తం మందం 0.50 మిల్లీమీటర్లు ఉన్న మంచి రంగు రేకులో ఉక్కు సుమారు 0.45 మాత్రమే ఉంటుంది, మిగిలింది లోహపు పూత, రంగు. మనిషి ఎక్కినా, గాలి లాగినా బరువు మోసేది ఉక్కే. 0.40 రేకును 0.45 అని, 0.45 రేకును 0.50 అని అంటగట్టడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. కంటితో చూసి ఎవరూ ఆ తేడాను పట్టలేరు.

పట్టుకునే మార్గం కాటా. గట్లు మడవక ముందు ఉక్కు చుట్ట వెడల్పు సాధారణంగా 1220 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అడుగులు. ఆ వెడల్పు నుంచి తయారైన పది అడుగుల రేకు, మొత్తం మందం నిజంగా 0.50 ఉంటే, దాదాపు 14 కిలోలు తూగుతుంది. 0.40 అయితే 11 కిలోల దగ్గర, 0.35 అయితే తొమ్మిదిన్నర కిలోల దగ్గర ఆగుతుంది. ఒక్క రేకు తూచితే తేడా చిన్నదిగా కనిపించవచ్చు కానీ యాభై రేకుల లోడులో అది నూట యాభై కిలోలవుతుంది. రేకులు మడిచే యూనిట్లలో కాటా ఉంటుంది కాబట్టి పది రేకులు కలిపి తూయించమని అడగడంలో మొహమాటపడవలసిన పని లేదు. చుట్ట వెడల్పు వేరైతే ఈ లెక్క మారుతుంది కనుక ముందుగా ఆ వెడల్పు ఎంతో కనుక్కోవాలి.

కప్పే వెడల్పు. మడత పెట్టాక రేకు వెడల్పు సుమారు మూడున్నర అడుగులు ఉంటుంది. పక్క రేకు మీద ఒక గట్టు ఎక్కించాక నికరంగా కప్పేది ఒక మీటరు చిల్లరే. బిల్లు మొత్తం వెడల్పు మీద వేస్తారా, కప్పే వెడల్పు మీద వేస్తారా అన్నది ముందే తెలుసుకుంటే రెండు దుకాణాల ధరలను సరిగ్గా పోల్చవచ్చు.

లోహపు పూత. దీన్ని చదరపు మీటరుకు గ్రాముల్లో, రెండు వైపులా కలిపి చెబుతారు. జింకు పూతలో 120, 180, 275 గ్రాముల రకాలు దొరుకుతాయి. అల్యూమినియం, జింకు కలిసిన పూతలో 70, 100, 150 గ్రాములవి కనిపిస్తాయి. మన మార్కెట్లో గాల్వాల్యూమ్ అని పిలిచేది ఈ రెండో రకాన్నే. దానిలో బరువు ప్రకారం 55 శాతం అల్యూమినియం, 43 శాతానికి పైగా జింకు, కొద్దిపాటి సిలికాన్ ఉంటాయి. 1972లో అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది.

ఈ రెండు పూతలూ తుప్పును ఆపే తీరు వేరు. జింకు తాను ముందు కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. అందుకే రేకు కోసిన అంచు దగ్గర, గీత పడిన చోట కూడా కొంతకాలం తుప్పు రాదు. అల్యూమినియం గాలి తగలగానే పైన పలుచని పొర ఏర్పరచుకుని నీటిని అడ్డుకుంటుంది. రెండూ కలిసిన పూత ఆరుబయట, వాన బాగా కడిగే కప్పు మీద, అంతే మందమున్న ఒట్టి జింకు పూత కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ అల్యూమినియానికి క్షారం పడదు. పచ్చి సిమెంటు, సున్నం, పశువుల పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఆ పూతను తినేస్తాయి. ఈ ఒక్క విషయం మనవైపు చాలా కప్పులను చెడగొడుతోంది కాబట్టి బిగింపు గురించి చెప్పేటప్పుడు మళ్లీ ప్రస్తావిస్తాను.

రంగు. పై వైపు రంగు, దాని కింది ప్రైమరు కలిపి సుమారు 20 నుంచి 25 మైక్రాన్లు ఉంటాయి. లోపలి వైపు పలుచగా ఉంటుంది. మామూలు పాలియెస్టర్ రంగు ఇళ్లకు, గోదాములకు సరిపోతుంది. సిలికాన్ కలిపిన పాలియెస్టర్, సూపర్ డ్యూరబుల్ పాలియెస్టర్ ఎండకు ఆలస్యంగా వెలుస్తాయి. పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ప్లాస్టిక్ రంగు అన్నిటికన్నా మన్నుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. వెలిసిన రంగు వల్ల అందం పోతుంది గానీ కప్పు కారదు. అందుకే బడ్జెట్ బిగుతుగా ఉన్నవారు ఖరీదైన రంగు మానుకుని ఆ డబ్బును ఉక్కు మందానికి పెట్టడం మేలు.

## రకాలు, వాటి లాభనష్టాలు

| రకం | బలం | బలహీనత | ఖర్చు |
|---|---|---|---|
| జింకు పూత రేకు (రంగు లేనిది) | కోసిన అంచులకు రక్షణ, తేలికగా దొరకడం | సముద్రపు గాలికి త్వరగా తుప్పు | తక్కువ |
| గాల్వాల్యూమ్ (రంగు లేనిది) | ఆరుబయట మన్నిక, ఎండను తిప్పికొట్టే మెరుపు | సిమెంటు, పేడ, రాగి నీరు పడవు | తక్కువకు కాస్త పైన |
| రంగు వేసిన గాల్వాల్యూమ్ | మన్నిక, లేత రంగులో తక్కువ వేడి | గీతలు పడితే కనిపిస్తాయి. పలుచటి రేకుకు రంగు ముసుగవుతుంది | మధ్యస్థం |
| అల్యూమినియం | తుప్పు లేకపోవడం, తేలిక | మెత్తదనం, ఎండకు ఎక్కువ సాగడం | ఎక్కువ |
| పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురుగు) | వేడిని, వాన చప్పుడును ఆపడం | మంటలకు లొంగడం, అతుకుల దగ్గర జాగ్రత్త | అన్నిటికన్నా ఎక్కువ |

రంగు లేని జింకు రేకు ఇప్పుడు ఎక్కువగా తాత్కాలిక షెడ్లకు, ప్రహరీలకు, నిర్మాణ స్థలాల చుట్టూ అడ్డుగా వాడుతున్నారు. 120 గ్రాముల పూత ఉన్న దాన్ని శాశ్వతమైన కప్పుకు వాడకపోవడమే మంచిది. 275 గ్రాముల పూత ఉన్నది దొరికితే అది వేరే సంగతి. పశువుల కొట్టాలకు నేను దానినే ముందు చూడమంటాను.

రంగు లేని గాల్వాల్యూమ్ రేకుకు మన దగ్గర దక్కవలసినంత గౌరవం దక్కడం లేదు. తెల్లగా మెరిసే ఆ రేకును చూసి చవక సరుకనుకుంటారు. 150 గ్రాముల పూత ఉన్న రంగు లేని రేకు, 70 గ్రాముల పూత మీద నీలం రంగు వేసిన రేకు కన్నా గోదాముకు ఎంతో నయం. పక్కింటి కిటికీల్లోకి మెరుపు కొట్టడం ఒక్కటే దీనితో ఇబ్బంది, అందుకే ఇళ్ల మధ్యన సరిపడదు.

రంగు వేసిన గాల్వాల్యూమే ఇవాళ ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువమంది కొంటున్న రకం. పెద్ద ఉక్కు సంస్థల నుంచి చుట్టలు తెచ్చుకుని, ఊరికి దగ్గరి పారిశ్రామిక వాడల్లోని యూనిట్లలో కావలసిన పొడవుకు మడిచి ఇస్తారు. పొడవు కోరినంత దొరకడం నిజమైన సౌలభ్యం: చూరు నుంచి శిఖరం దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే రేకు పడితే కారే చోట్లు సగం తగ్గిపోతాయి. మంచి చుట్టల వెనుక వైపు సంస్థ పేరు, మందం, పూత గ్రాములు అచ్చువేసి ఉంటాయి. అచ్చు లేని రేకును తూచకుండా, మైక్రోమీటరుతో కొలవకుండా తీసుకోవద్దు.

అల్యూమినియం రేకు ఉప్పుగాలికి తట్టుకుంటుంది కానీ ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. పగలు, రాత్రి మధ్య రేకు వేడిలో నలభై డిగ్రీల తేడా వస్తే, పది మీటర్ల ఉక్కు రేకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది; అల్యూమినియం 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ కదలికకు చోటు ఇవ్వకపోతే స్క్రూ రంధ్రాలు పొడవుగా సాగి అక్కడే నీరు దిగుతుంది. సాగే తీరు తెలిసిన పనివారు దొరికినప్పుడే దీని వైపు వెళ్లాలి.

సిమెంటు రేకుల సంగతి కూడా చెప్పాలి. అవి ఉక్కు రేకుల కన్నా వానకు తక్కువ చప్పుడు చేస్తాయి, ధర కూడా తక్కువ. అయితే ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులను కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పాతవి తీసేటప్పుడు నీళ్లు చల్లి, ముక్కలు చేయకుండా, జే బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు) విప్పి నిండు రేకులుగా దించాలి. సుత్తితో కొట్టి కింద పారేయడం, ఆ ముక్కలను దారి గుంటల్లో పరచడం మన ఊళ్లలో ఇంకా జరుగుతోంది, అది ఆగాలి.

## గట్ల ఆకారం గురించి కొంచెం

ఎక్కువగా దొరికే చదునైన గట్ల రేకులో గట్టు ఎత్తు 28 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటుంది, గట్టుకు గట్టుకు మధ్య దూరం దాదాపు 200 నుంచి 250. గుండ్రటి ముడతల రేకు ఎత్తు 18 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి నీరు పొంగి అతుకులో దూరే అవకాశం ఎక్కువ, వాలు కూడా ఎక్కువ ఇవ్వాలి. పెంకుల ఆకారంలో వచ్చేవి ఇంటి ముందు వసారాకు అందంగా ఉంటాయి, కానీ వాలు తక్కువైతే పనికిరావు. స్క్రూ బయటికి కనిపించకుండా అంచులను ఒకదానిలో ఒకటి మడిచి బిగించే రకం పెద్ద ఫ్యాక్టరీలకు బాగుంటుంది. నాలుగు వందల చదరపు అడుగుల డాబా షెడ్డుకు దాని యంత్రాన్ని, పనివారిని రప్పించడం దండగ.

స్క్రూలతో బిగించే గట్ల రేకుకు పది అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వడం క్షేమం. డాబా ఎత్తు పెరిగితే బాగుండదని చాలామంది ఈ వాలు తగ్గించమంటారు. ఒప్పుకోవద్దు. ఆకులు, దుమ్ము చేరి నీరు నిలిచే కప్పు ఏ పూతతో చేసినా అతుకుల దగ్గర ముందుగా చెడుతుంది.

## వేడి

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో రేకుల కింద కూర్చున్నవారికి ఈ విషయం వివరించనక్కర్లేదు. 0.40 రేకైనా 0.50 రేకైనా వేడిని ఆపే విషయంలో రెండూ ఒకటే. పలుచటి లోహం ఏదీ వేడిని ఆపదు. చేయగలిగినవి మూడు పనులు.

మొదటిది రంగు. కొత్త తెల్లటి రేకు ఎండలో దాదాపు మూడింట రెండు వంతులను తిప్పికొడుతుంది. ముదురు నీలం, ఇటుక ఎరుపు రంగులు అధిక భాగాన్ని పీల్చుకుంటాయి. మన ఊళ్లలో నీలమే ఎక్కువగా కనిపిస్తుంది, తెలుపు దుమ్ము పడుతుందని మానేస్తారు. మనుషులు కింద ఉండే కప్పుకు ఆ కారణం సరిపోదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల విధానాన్ని తెచ్చింది. దాని వెనుక ఉన్న సూత్రం కూడా ఎండను తిప్పికొట్టే పైపూతే. రంగు లేని గాల్వాల్యూమ్ కూడా ఎండను బాగానే తిప్పికొడుతుంది గానీ, పీల్చుకున్న వేడిని తిరిగి ఆకాశానికి వదలడంలో వెనుకబడుతుంది. అందుకే అదే మధ్యాహ్నం తెల్ల రంగు రేకు కన్నా అది ఎక్కువ కాలుతుంది.

రెండోది రేకు కింద పొర. పర్లిన్ల మీద వల పరచి, దానిపై మెరిసే అల్యూమినియం కాగితం అంటించిన గాజు ఉన్ని వేసి, ఆపై కప్పు వేయడం గోదాములకు, వర్క్‌షాపులకు తగిన ఖర్చు. వాన చప్పుడు కూడా బాగా తగ్గుతుంది. పలుచటి బబుల్ షీట్ పని చేయాలంటే దాని మెరిసే వైపున గాలి సందు ఉండాలి. రేకుకు అంటుకుని ఉంటే దాని ఉపయోగం చాలా వరకు పోతుంది.

మూడోది పఫ్ ప్యానెల్: రెండు రేకుల మధ్య 30, 40 లేదా 50 మిల్లీమీటర్ల నురుగు. డాబా మీద గది కట్టుకుని, అందులో ఏసీ పెట్టుకుని పడుకోవాలనుకునేవారికి ఇది తప్ప వేరేది చెప్పలేను. మొదటి ఖర్చు ఎక్కువైనా కరెంటు బిల్లులో ఏటా కొంత తిరిగి వస్తుంది. అయితే ఆ నురుగు మండుతుంది. వంటగది మీద, వెల్డింగ్ జరిగే షెడ్డు మీద దానికి బదులు రాతి ఉన్ని నింపిన ప్యానెల్ తీసుకోవాలి. ప్యానెల్ బిగించాక దాని దగ్గర వెల్డింగ్ చేయించకూడదు.

## గాలి

కప్పు రేకు విషయంలో అందరూ బరువు గురించి, అంటే అది ఎంత మోస్తుందన్న దాని గురించి ఆలోచిస్తారు. అసలు ప్రమాదం కిందికి నొక్కే బరువుతో కాదు, పైకి లాగే గాలితో వస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు ప్రాథమిక గాలి వేగం (కట్టడాల లెక్కకు ఆధారంగా తీసుకునే వేగం) సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 50 మీటర్ల వేగానికి, ఇతర సవరణలు కలపకముందే, చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. 39 మీటర్లకు 93 కిలోలే. 0.50 రేకు తన సొంత బరువు చదరపు మీటరుకు నాలుగున్నర కిలోలు. అంటే రేకును కిందికి పట్టి ఉంచేవి స్క్రూలు, పర్లిన్లు, స్తంభాల అడుగున ఉన్న బోల్టులే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీదికి వచ్చినప్పుడు రేకుల కప్పులు లేచిపోవడాన్ని ఉత్తరాంధ్ర ప్రజలు కళ్లారా చూశారు. ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరం 1974లో ట్రేసీ తుపానుకు ధ్వంసమైన తర్వాత ఇంజనీర్లు గుర్తించిన కారణం మనకూ వర్తిస్తుంది. రేకు ఒక్క పెద్ద ఊపుకు చిరగలేదు. గాలి గంటల తరబడి పదే పదే లాగి వదలడం వల్ల స్క్రూ తల చుట్టూ లోహం అలసి, పగుళ్లు పుట్టి, చివరికి స్క్రూ పర్లిన్‌లోనే ఉండగా రేకు దాని మీదుగా ఊడిపోయింది. పలుచటి రేకులో ఆ పగుళ్లు త్వరగా వస్తాయి. కోస్తాలో కప్పుకు 0.50 కన్నా తక్కువ మందం వద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. స్క్రూ తల కింద వెడల్పాటి లోహపు వాషర్ వేయడం కూడా అక్కడి నుంచి వచ్చిన పాఠమే.

లోపలి జిల్లాల్లో మధ్య పర్లిన్ల మీద గట్టు విడిచి గట్టుకు స్క్రూ వేసినా, చూరు, శిఖరం, రెండు పక్క అంచుల దగ్గర ప్రతి గట్టుకూ వేయాలి. గాలి ముందుగా పట్టుకునేది అంచులనే. కోస్తాలో అన్ని పర్లిన్ల మీదా ప్రతి గట్టుకూ వేయించండి. పర్లిన్ల మధ్య దూరం 0.50 రేకుకు 1.2 నుంచి 1.5 మీటర్లు, అంచుల దగ్గర ఇంకా దగ్గరగా ఉండాలి.

సిమెంటు రేకులు తీసి ఉక్కు రేకులు వేసేవారు ఇంకొక విషయం గమనించాలి. పాత కప్పు బరువు కొత్తదాని కన్నా మూడింతలు ఉండేది. ఆ బరువే ఇన్నేళ్లూ దూలాలను గోడ మీద నొక్కిపట్టింది. తేలికైన రేకు వేశాక గాలి మొత్తం కప్పునే దూలాలతో సహా లేపగలదు. దూలాలను, ట్రస్సులను గోడలోకి బోల్టులతో కట్టించాకే కొత్త రేకు వేయాలి.

## గోడ రేకులు

గోడకు నీరు నిలవదు, మనిషి ఎక్కడు. కాబట్టి కప్పు మీద కన్నా పలుచటి 0.45 రేకు సరిపోతుంది, అడ్డపట్టెల మధ్య దూరం కూడా కొంత ఎక్కువ ఉండవచ్చు. కప్పు మీద స్క్రూను గట్టు మీద వేస్తాం, నీరు పల్లంలో పారుతుంది కాబట్టి. గోడ మీద పల్లంలోనే వేయాలి, అక్కడ రేకు నేరుగా పట్టెకు ఆని గట్టిగా కూర్చుంటుంది.

గోడ రేకు ఎప్పుడూ అడుగు నుంచే చెడుతుంది. నేల మీద పడిన వాన చినుకు మట్టితో సహా ఎగిరి రేకు అడుగున పేరుకుంటుంది. మూడు అడుగుల ఇటుక గోడ కట్టి, దాని పైనుంచి రేకు మొదలుపెట్టి, అడుగున నీరు బయటికి జారే పట్టీ పెట్టించడం ఉత్తమం. ఇటుక గోడకు స్థోమత లేకపోతే నేలకు అర అడుగు ఎత్తున రేకు ఆపేయాలి.

## బిగించే రోజు

రేకులు వచ్చాక వాటిని పేర్చి పెట్టి వారం తర్వాత పని మొదలుపెట్టడం మనకు అలవాటు. దొంతరలో నీరు దూరితే గాలి తగలక రేకుల మధ్య మచ్చలు పడతాయి. ఒక వైపు ఎత్తు చేసి, కింద చెక్కలు పెట్టి, పైన టార్పాలిన్ కప్పాలి.

రేకులు పరచడం గాలి వచ్చే దిక్కుకు ఎదుటి చివర నుంచి మొదలుపెట్టాలి. పడమటి గాలి బలంగా వీచే చోట తూర్పు అంచున మొదటి రేకు వేసి పడమరకు సాగితే, పై రేకు అంచు గాలికి వీపు పెడుతుంది, వాన అతుకులో దూరదు. పొడవున అతుకు తప్పనిసరైతే కనీసం 150 మిల్లీమీటర్లు, వాలు తక్కువైతే 200 నుంచి 250 ఎక్కించి, మధ్యలో బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) వేయాలి. శిఖరం దగ్గర రేకు పల్లాల చివరలను పైకి మడవాలి, లేకపోతే గాలి నీటిని శిఖరపు పట్టీ కిందికి తోస్తుంది. ఈ మడతను పనివారు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. ముందే చెప్పి చేయించుకోండి.

స్క్రూ నిలువుగా దిగాలి. వాషర్ రబ్బరు లోహపు టోపీ అంచు దాకా వచ్చి ఆగాలి. రబ్బరు బయటికి ఉబికినా, గట్టు లోపలికి నొక్కుకుపోయినా ఎక్కువ బిగించినట్టు. వదులుగా ఉంటే నీరు దిగుతుంది. రబ్బరు ఈపీడీఎం రకమేనా (ఎండకు తట్టుకునే కృత్రిమ రబ్బరేనా) అని చూసుకోండి, చవక రబ్బరు మూడు నాలుగు ఎండాకాలాల్లో పగులుతుంది. మొత్తం పనిలో స్క్రూల ఖర్చు చిన్న భాగమే, కాబట్టి వాటిలో రకం తగ్గించడం అర్థం లేని పొదుపు.

రేకును గ్రైండరుతో కోయనివ్వవద్దు. ఆ వేడికి కోసిన అంచున పూత కాలిపోతుంది, ఎగిరిన నిప్పురవ్వలు రంగులో గుచ్చుకుని రెండు వానలకే ఎర్రటి చుక్కలుగా తేలతాయి. కత్తెర లేదా నిబ్లర్ (రేకును చిన్న చిన్న ముక్కలుగా కొరుకుతూ కోసే పరికరం) వాడాలి. రంధ్రాలు వేసినప్పుడు రాలిన ఇనుప రజనును ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్చేయాలి.

ఇక సిమెంటు సంగతి. డాబా షెడ్డు రేకు పిట్టగోడకు ఆనే చోట మేస్త్రీ సిమెంటు మాలు పెట్టి మూసేయడం ప్రతి వీధిలో కనిపించే పని. ఆ పచ్చి సిమెంటు గాల్వాల్యూమ్ పూతను తింటుంది; పైగా రేకు ఎండకు కదులుతుంది కాబట్టి ఆ మాలు తొలి వేసవికే పగులుతుంది. గోడలో సన్నటి గాడి కోయించి, మడిచిన రేకు పట్టీని అందులో దూర్చి, న్యూట్రల్ సిలికాన్‌తో మూయించాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ లోహానికి మంచిది కాదు. ఏసీ నుంచి వచ్చే నీటి పైపు కూడా ఆ రేకు మీద కారకుండా చూడాలి, రాగి గొట్టాల మీదుగా వచ్చిన నీరు ఈ పూతకు చేటు.

మనుషుల భద్రత అన్నిటికన్నా ముందు. వెలుగు కోసం వేసే ఫైబర్ రేకు మీద కాలు పెడితే విరిగి కింద పడతారు, సిమెంటు రేకు కూడా అంతే. పనివారికి బెల్టు, తాడు ఏర్పాటు చేయించడం యజమాని బాధ్యత. గాలి రోజున రేకులు పైకి ఎత్తించవద్దు.

## ఎవరికి ఏది

డాబా మీద ఎండ అడ్డానికి మాత్రమే షెడ్డు కావాలంటే, 0.45 లేదా 0.50 (కోస్తాలో 0.50) మొత్తం మందం, తెలుపు లేదా లేత రంగు, 100 గ్రాములకు తగ్గని గాల్వాల్యూమ్ పూత చాలు. దాని మీద సోలార్ పలకలు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 0.50 తీసుకుని, చదరపు మీటరుకు అదనంగా పదిహేను కిలోల దాకా బరువు, దానికి తోడు గాలి లాగే బలం పర్లిన్లు మోసేలా లెక్క వేయించాలి. పలకలు పాతికేళ్లు ఉంటాయి; వాటి కింద రేకు పదేళ్లకే పోతే అన్నీ విప్పవలసి వస్తుంది.

గోదాముకు, ముఖ్యంగా ధాన్యం, ఎరువులు పెట్టేదానికి, నా ఎంపిక 150 గ్రాముల పూత ఉన్న 0.50 రేకు, రంగు ఐచ్ఛికం. ఎరువుల ఆవిరి లోపలి వైపున పని చేస్తుంది కాబట్టి ఎరువుల గోదాముకు మాత్రం రెండు వైపులా రంగు ఉన్నది తీసుకోవాలి, గాలి ఆడేలా శిఖరం దగ్గర సందు ఉంచాలి.

పాడి పశువుల కొట్టం, కోళ్ల షెడ్డు ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైనవి. పశువులుండే కట్టడాలకు గాల్వాల్యూమ్ తయారీదారుల వారంటీ సాధారణంగా వర్తించదు. కొనే ముందు వారంటీ కాగితంలో మినహాయింపులు చదవండి. అమ్మోనియా పైకి లేచి రేకు లోపలి వైపునే పడుతుంది. 275 గ్రాముల జింకు పూత మీద రెండు వైపులా రంగు ఉన్న రేకు, ఎత్తైన కప్పు, తెరిచిన పక్కలు, తెరిచిన శిఖరం అన్నవి కలిస్తేనే మన్నిక. ఆస్‌బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకు దొరికితే దాన్ని కూడా పోల్చి చూడవచ్చు.

సముద్రానికి దగ్గరగా ఉన్నవారు, చెరువుల్లో ఉప్పునీటి రొయ్యలు పెంచేవారు దూరాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. అలల తుంపర తగిలేంత దగ్గరలో మామూలు ఉక్కు రేకుకు వారంటీ దొరకడం కష్టం. అక్కడ మందమైన అల్యూమినియం, లేదా మంచి రంగుతో 150 గ్రాముల పూత, స్టెయిన్‌లెస్ లేదా ఎక్కువ పూత ఉన్న స్క్రూలు పరిశీలించాలి. అల్యూమినియం రేకుకు మామూలు ఉక్కు స్క్రూ వాడితే ఉప్పు తేమలో ఆ జోడు మధ్యే తుప్పు మొదలవుతుంది.

ఏది కొన్నా బిల్లు మీద ఉక్కు మందం, పూత గ్రాములు, రంగు రకం, చుట్ట తయారుచేసిన సంస్థ, కప్పే వెడల్పు, స్క్రూల రకం రాయించుకోండి. వారంటీ అడిగే రోజు వస్తే నోటిమాట పనికిరాదు.

వేసిన తర్వాత ఏడాదికి ఒకసారి, వానాకాలం ముందు, పైకెక్కి ఆకులు తీయించి, వదులైన స్క్రూలు చూసి, గట్టి బూట్లు కాకుండా మెత్తటి అడుగుతో పర్లిన్ల వరుస మీదే నడవమని చెప్పాలి. కోస్తాలో ఇంకొక పని కూడా ఉంది. వాన కప్పు పైభాగాన్ని కడుగుతుంది గానీ, చూరు కింద, గోడ రేకు పై అంచున ఉప్పు అలాగే పేరుకుంటుంది. ఆ చోట్లను మూడు నాలుగు నెలలకొకసారి మంచినీటి పైపుతో కడిగించాలి.